మూఢంలో మూడు కాళ్ళు

మూఢం వచ్చింది.
గుజరాతీపేట స్టూడియోలో
పూలమండపం బ్యాక్‌డ్రాపుని చాపలా చుట్టి
మూలన నిలబెట్టాను.
నెలన్నరపాటు ఎవరి తలమీదా జీలకర్రబెల్లం పడదు.
ఎవరినీ కొంచెం నవ్వమని బతిమాలక్కర్లేదు.

తెల్లారగట్ల మూడున్నరకి
డే అండ్ నైట్ జంక్షన్లో టీ తాగి
గార మీదుగా కళింగపట్నం.

వీపున బ్యాగు.
మా ఆవిడ జాకెట్టుగుడ్డ మిగిలితే కుట్టిచ్చిన సంచిలో
వైడ్ లెన్సు.
వెలుగుని వడకట్టే నల్లద్దం ఒకటి,
దానికి పడ్డ డబ్బు ఇంట్లో ఇంకా చెప్పలేదు.
నాన్న పాతపంచె చింపిన పేలికలు నాలుగు;
ఉప్పుతుంపర తుడవడానికి
ఉతికి ఉతికి అరిగినదే మెత్తన.
బనీను లోపల, గుండెకి ఆనించి, రెండు బ్యాటరీలు.
చలికి చచ్చిపోతాయని ఎక్కడో చదివాను.
మన చలి అంతటిది కాదు,
అయినా అలవాటు.

ఇక ట్రైపాడ్.
విశాఖలో సెకండ్‌హ్యాండు.
మూడోకాలి మర పట్టదు,
సైకిలు ట్యూబు చుట్టి బిగించాను.

వంశధార సముద్రంలో కలిసే చోట
ఏది ఏరో ఏది కడలో మంచు చెప్పనివ్వలేదు.
లైట్‌హౌస్ వెలుగు వచ్చి, తడిమి, పోయింది.
కాళ్ళు పాతాను. ఇసక మింగింది.
ఎత్తి పాతాను. గాలి ఊపింది.
తూర్పు అప్పటికే బూడిదరంగు తిరుగుతోంది,
నా చేతులు నావి కావు.

టార్చిలైటు, ఖాళీ తట్ట,
సూరాడ ఎర్రమ్మ.
రాత్రి వేటకెళ్ళిన పడవకి ఎదురొచ్చింది.

"ఏటి తీస్తన్నావు బావూ, ఎవులూ నేరు గదా?"
ఏరు, అన్నాను. సముద్రం. వెలుతురు.
"అయ్యెక్కడికి ఎల్పోతాయి?
ముందల నీ మూడుకాళ్ళ గుర్రాన్ని సూసుకో,
కూలబడిపోతంది."

ఒడ్డున బోర్లించిన తెప్పకింద చెయ్యిపెట్టి
బెజ్జం ఉన్న రాయొకటి లాగింది,
నైలాను తాడుతో సహా.
"ఏలాడగట్టు.
పడవే ఆగుతాది దీనికి, నీ పెట్టి ఆగదేటి?"

ఆగింది.
గాలి వచ్చి ఒకసారి తోసి చూసి
పక్కనుంచి వెళ్ళిపోయింది.

నల్లద్దం బిగించి, మీట నొక్కి,
ముప్పైదాకా లెక్కపెడుతున్నాను.
పదకొండు దగ్గర
ఆవిడ సరిగ్గా నా ఎదురుగా, నీటి అంచున
నడుచుకుంటూ పోయింది.
పెళ్ళిలో అయితే కేకేసేవాణ్ణి.
నోరు రాలేదు.
ఎక్కడో దూరాన ఇంజను చప్పుడు,
తట్ట ఎత్తి పట్టుకుని ఆవిడ పరుగు.

తెరమీద చూశాను.
అలలన్నీ ఆవిరైపోయాయి.
ఎర్రమ్మ లేదు, తట్ట లేదు, చీర లేదు.
చేతిలో ఊగిన టార్చి మాత్రం
నీటి అంచుకి ఎవరో తొందరలో వేసిన
కచ్చా కుట్టులా
ఈ కొసనుంచి ఆ కొసకి.

ఆ రాయి బ్యాగులోనే వచ్చేసింది.
ఇల్లంతా చేపల కంపు.
"లక్షరూపాయల సామాను మధ్య బండరాయేమిటి?"
అంది మా ఆవిడ, ముక్కు మూసుకుని.
నల్లద్దం ధర అడగలేదు, అదే పదివేలు.

పది రోజులకి ప్రింటు పట్టుకెళ్ళాను.
ఎర్రమ్మ తడిచెయ్యి చీరకి తుడుచుకుని
అటుతిప్పి ఇటుతిప్పి చూసింది.
"నానెక్కడున్నాను?"
ఈ గీతే, అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత చూపుడువేలు గీత వెంబడి నడిపించి
ఒకచోట, గీత కొంచెం కుంగినచోట, ఆపింది.
"ఇక్కడ పీతబొరియలో కాలెట్టీసినాను."
మరికాస్త ముందు, గీత ఎగిసినచోట,
"ఇక్కడ మాయాయన పడవ అగుపించినాది."

కాగితం నాకే తిరిగి ఇచ్చేసింది, తడిసిపోతుందని.
"అది సరే గానీ, మా రాయేదీ?"

బ్యాగు తెరిచాను.
లెన్సు ఉంది. నల్లద్దం ఉంది. పేలికలున్నాయి.
ఇసకలో మూడుకాళ్ళూ అప్పుడే
ఒక పక్కకి ఒరుగుతున్నాయి.