లాభం, రెండు, మూడు

రాత్రి రెండింటికి
న్యూరో వార్డు కిటికీలోంచి
ఘాట్ రోడ్డు దీపాలు మెలికలు తిరిగి కనిపిస్తాయి.
పద్నాలుగో మంచం చెంగల్రాయుల్ని
ఎడమ పక్కకి తిప్పే వేళ.

దుప్పటి అంచులు పట్టుకుని
అటు ఆయా ధనకోటి, ఇటు నేను.
ఒకటి, రెండు, మూడు.
మెడ వంకర పోకుండా
దుంగను దొర్లించినట్టు.
దుంగ కాదు గదా, అందుకని
"తిప్పతా ఉండామన్నా" అని చెప్పి మరీ తిప్పుతాం.
వినేదెవరని అంటే
ధనకోటి ఒప్పుకోదు.
"చెవికి రెప్ప లేదు మేడం.
మనిషి నిద్దరపొయినా అది తెరిసే ఉంటాది."

దామలచెరువు మండీలో
మామిడికాయల లారీ మీంచి జారి పడ్డాడు.
ఆపరేషన్‌కి తల గొరిగారు.
ఈ ఊళ్ళో గుండు చూసి ఎవరూ ఏమీ అనుకోరు.
స్కాన్‌కి తీసుకుపోతుంటే లిఫ్టులో ఒకాయన
"మొక్కు తీరిందా" అని పలకరించాడు.
ఎడమ చెవి పైన కుట్లు కనబడ్డాక
తన చెప్పుల వంక చూసుకున్నాడు.

నా పనులన్నీ చిన్నవి.
టార్చి వేసి కంటిపాపలు చూడటం.
కుడిది చటుక్కున ముడుచుకుంటుంది,
ఎడమది ఆలోచించుకుని.
మూతపడని కంటి మీద తడిపిన గాజుగుడ్డ.
మడమల కింద నీళ్ళు నింపి కట్టిన చేతితొడుగులు.
ముక్కు గొట్టంలో రాగిజావ,
తల ఎత్తు చేసి, నెమ్మదిగా.
తొందరపడితే ఊపిరితిత్తులకు దారి తప్పుతుంది.
నడుము కింద రూపాయంత ఎరుపు కనబడిందా,
ఆ పూట నాకు అన్నం సయించదు.

గంట గంటకీ అవే ప్రశ్నలు.
నీ పేరేంది? ఇదే ఊరు?
నా వేళ్ళు పట్టుకో. వదులు.
పట్టుకోవడం చాలామందికి వస్తుంది.
వదలడమే రాదు.

గొంతులో గొట్టం తీసిన ఎనిమిదో నాడు
పేరడిగితే పెదాలు కదిలాయి.
వంగి చెవి పెట్టాను.
"లాభం" అన్నాడు.

రౌండ్స్‌లో చిన్న డాక్టరు
"పొంతన లేని మాట, మూడు మార్కులు" అన్నాడు.
రాసుకున్నాను.
ఆ కొలత ప్రకారం మూడే.

సాయంత్రం భార్య మునిరాజమ్మకి చెప్తే
నవ్విందో ఏడ్చిందో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.
"మా మండీలో ఒకటి అనరు మేడం.
మొదటి చెయ్యి కాయలు పోసేటప్పుడు లాభం అంటారు,
ఆ పైన రెండు, మూడు.
ఇరవై ఏండ్లు ఈ మనిషికి అదే కూత."
మంచం మీదికి వంగి
"లాభం" అంది.
చానాసేపు ఏమీ లేదు,
ఆక్సిజన్ సీసాలో బుడగల చప్పుడు తప్ప.
"రెండు" అన్నాడు.

ముక్కు గొట్టం కూడా తీసేశాక
జావ లెక్క మీదే దిగుతోంది.
చెంచా. గడ్డం కిందికి. మింగు.
లాభం.
ఇంకో చెంచా.
ఒకరోజు తొమ్మిది దగ్గర పొలమారింది,
నీలంగా మారాడు, నా కాళ్ళు వణికాయి.
మర్నాడు మళ్ళా మొదట్నించి.

కుడి చెయ్యి ఇంకా రాలేదు.
ఆదివారం, పక్కగుడ్డ మారుస్తుంటే
ఎడమ చేత్తో ధనకోటి చెంప మీద కొట్టాడు.
ఎవరో పైన పడుతున్నారనుకున్నాడు కాబోలు.
ఆమె ముక్కుపుడక సర్దుకుని
మిగిలిన మూల దోపింది.

పెళ్ళాన్ని పిలవాలని వెతుక్కుంటాడు,
నుదుటి మీద చెమట పట్టేదాకా.
చివరికి "ఐదు" అంటాడు.
"ఆఁ, ఈడే ఉండా" అని పలుకుతుంది మునిరాజమ్మ.

పదిహేనో మంచం నిన్న నిండింది.
కరకంబాడి రోడ్డులో బైకు. పంతొమ్మిదేళ్ళు.
పేరు ఆధార్ కార్డు చూసి రాశాం.
మొత్తం మార్కులు మూడు,
అంతకన్నా కిందికి ఆ కొలతలో గీత లేదు.
రెండు గంటలు కావస్తోంది.
"తిప్పతా ఉండాం నాయనా."
దుప్పటి అంచు బిగించి పట్టుకున్నాను.
ఎత్తేముందు ధనకోటి
ఒకటి అనడం మానేసింది ఈ మధ్య.