కీ ఇచ్చేవాడు

చిత్తూరు చర్చి వీధిలో
నా గడియారాల కొట్టు దాటి సందు తిరిగితే
మిషన్ గుడి గోపురం.
ముప్పై ఒక్క ఏళ్ళుగా ప్రతి శనివారం
నలభై రెండు మెట్లెక్కి
ఆ గడియారానికి కీ ఇస్తా ఉన్నాను.
ఎనిమిది రోజుల గడియారం.
ఒక్క వారం నేను జ్వరమొచ్చి పడుకుంటే
దేవుడి ఇంట్లో టైము ఆగిపోతుంది.

నాకు దేవుడు లేడు.
పేరు మాత్రం శేషాచలం,
మా నాయన కొండకు మొక్కుకున్న మొక్కు.
నెలకొక కరపత్రం అచ్చు వేయిస్తాను,
దేవుణ్ణి మనమే చేసుకున్నామని.
ఒకసారి ప్రూఫు దిద్దుతా
అడుగున తేదీ చూసి నవ్వొచ్చింది.
ఆ ఏడు లెక్క కూడా
పశువుల పాకలో పుట్టిన పిల్లవాడి నుంచే.
నేను కాగితాలు పంచేది ఆదివారం.
ఆ సెలవూ వాళ్ళదే.

పడమటి దేశాల్లో నాలాంటివాళ్ళు ఉన్నారంట.
మోకాలు వంచరు, రొట్టె నోట పెట్టరు,
పాత గుడిని హోటలుకు అమ్మితే మాత్రం
కళ్ళొత్తుకుంటారంట.
బలహీనుడిదీ ఒక ప్రాణమే అనే మాట
తమ తెలివిలోనే మొలిచిందనుకున్నారు ఇన్నాళ్ళూ.
తవ్వి చూస్తే వేళ్ళు
ఆ గోడ కిందికి పోయినాయంట.
ఆ వేళ్ళ పక్కనే తుపాకి మందూ దొరుకుతుంది,
ఆ సంగతి రొంత మెల్లగా చెబుతారు.
చదివి పేపరు మడిచాను.
వాళ్ళను తప్పు పట్టేందుకు నేనెవరిని?

ఆరోగ్యవరంలో మా అమ్మ నెత్తురు కక్కుతున్నప్పుడు
మావాళ్ళు వాకిట్లోనే నిలబడి చూసి పోయినారు.
తెల్లచీర నర్సమ్మ ఒకామె
లోపలికొచ్చి మంచం మీదే కూర్చుంది.
కులం అడగలేదు, పేరు అడిగింది.
అమ్మ బతకలేదు.
ఆమె కూర్చుని లేచిన చోట
పరుపులో పడిన గుంత
యాభై ఏళ్ళయినా పూడలేదు నాకు.

అందుకేనేమో క్రిస్మస్ ముందు రాత్రి
చివరి బెంచీలో కూర్చుంటాను, చేతుల నిండా గ్రీజుతో.
గుడి వెనక సమాధుల్లో
మెరక ఒకరిది, పల్లం ఇంకొకరిది.
అదీ చూశాను.
చూసీ కూర్చుంటాను.

మొన్న శనివారం మెట్లు ఊడుస్తా
రూతమ్మ ఆగింది.
"ఏం సార్, మీకు దేవుడొద్దు, పాట కావాల.
బువ్వొద్దు, వాసన కావాల."
నేను నవ్వాను.
ఆమె నవ్వలేదు.
"అందరూ వాసనే చాలంటే
పొయ్యి ముట్టించేదెవరు సార్?"

స్వాములకు మైకు ముందు జవాబు చెప్పినవాణ్ణి,
చీపురు పట్టుకున్న మనిషి ముందు
నూనె డబ్బా మూత వెతుక్కున్నాను.

"మోకాళ్ళు పోతా ఉండాయి రూతమ్మా.
మీ మనవరాలికి నేర్పిస్తా ఈ పని,
చేతిలో ఒడుపుండే పిల్ల."
"యాడ సార్, అది గుడికే రానంటా ఉంది.
మీ కాగితాలే చదివింది.
తలగడ కింద దాచిపెట్టుకోనుండాది."

గెలిచినవాడికి రావాల్సిన సంతోషం
ఎందుకో రాలేదు.
కింద ఎవరో హార్మోనియం బాగు చేస్తున్నారు.
ఒక మెట్టు పలకడం లేదు,
దాన్నే నొక్కుతున్నారు మళ్ళీ మళ్ళీ.

"గుడికి వద్దులే, గడియారానికి రమ్మను."
రూతమ్మ నన్ను చానాసేపు చూసింది.
"గడియారం యాడుండాది సార్,
గుడిలో కాక?"

ఆ పూట ఎన్ని చుట్లు ఇచ్చానో లెక్క తప్పింది.
ఎప్పుడూ గోపురంలో మేకుకు తగిలించి వచ్చే కీ
ఇంటికొచ్చి చూస్తే
నా జేబులోనే ఉంది.