ఇతరములు: వివరింపుము

జిరాపా దాటాక మట్టిబాటలో పదిహేను మైళ్లు.
హర్మటాన్ గాలికి పెదాలు చిట్లి
నవ్వితే నెత్తురు.
మోటారు సైకిలు గోడకానించి
నంబరు వెయ్యడానికి చోటు వెతికాను.

గోడ నిండా సుద్దగీతలే.
జనాభా లెక్కలవాళ్లది ఒకటి, దోమతెరల వాళ్లది ఒకటి,
పోలియో చుక్కలు, మరుగుదొడ్లు,
ఎవరిదో, ఎందుకో, ఒక నీలం బాణం.
వానకి కొంత కారి కొంత మిగిలి
ఎవరూ మళ్లీ వచ్చి చెరపని అంకెలు.
ఓ మూల ఇరికించాను నాది: 417.

పొగ్‌జియే షియా గింజలు పగలగొడుతోంది.
పీట చూపించింది, సొరబుర్రతో నీళ్లిచ్చింది,
తాగేదాకా నా పేరడగలేదు.
నేను మాత్రం మూతి తుడుచుకోకుండానే
"ఇంట్లో పిల్లలెంతమంది?"

చేతులు ఆగాయి.
ఈ మాటకి మా అమ్మ చేతులూ ఇలాగే ఆగేవి.
మేకల్ని లెక్కపెట్టొచ్చు, గిన్నీకోళ్లని లెక్కపెట్టొచ్చు,
పిల్లల్ని పైకి లెక్కపెడితే
వినకూడనివి వింటాయి.
నాకు తెలుసు.
దగారే మాట్లాడతాను, ఇవన్నీ తెలిసినవాణ్ణి అనే
అక్రావాళ్లు నన్ను తీసుకున్నారు.
తెలిసి కూడా అడిగినందుకే
ఇంటికిన్ని సెడీలు.

టాబ్లెట్ మీద ఎర్రచుక్క.
జవాబు పడందే తరవాతి ప్రశ్న తలుపు తియ్యదు.

ఆమె నోరు విప్పకుండా
నా చెప్పుల ముందు గింజలు పేర్చింది.
అయిదు.
కాస్త ఎడంగా ఇంకొకటి.
"అదో?"
"అది కుమాసీలో ఉంది," అంది గింజకేసి చూస్తూ,
"బజారులో ఊళ్లోవాళ్ల మూటలు మోస్తోంది."
గుప్పిట్లోంచి మరొకటి తియ్యబోయి
మళ్లీ మూసేసింది.
అది నేను చూడలేదు.
ఆరు నొక్కాను.

చిన్నది యెల్వియెల్. తొమ్మిదేళ్లు. బడికి పోదు.
కారణం ఒకటే ఎంచుకోవాలి:
దూరం, ఫీజు, ఇంటిపని, జబ్బు...
పొగ్‌జియే అన్నీ విని అంది:
"వానొస్తే వాగు దారి మూస్తుంది.
వాగు తీసేసరికి మేష్టారు వా పట్నం పోతాడు.
మేష్టారొచ్చేసరికి షియా రాలుతుంది.
అది ఏరి అమ్మేసరికి
పిల్లకి వయసు మీరిందంటారు.
ఇందులో ఏ నంబరు నాది నాయనా?"

కాసేపాగి, కోపం లేకుండానే,
"క్రితంసారి వాళ్లకీ ఇదే చెప్పాం.
మా జవాబులు దారిలో పారేసుకున్నారా?"

నేను స్క్రీన్ మీద దుమ్ము తుడిచాను.
తుడవాల్సినంత దుమ్మేం లేదు.

అప్పుడా పిల్ల
నా పక్కనున్న సుద్ద తీసుకుని
417 కింద 418 రాసింది.
ఎనిమిది కాస్త కునికిపాటు పడుతోంది, అంతే.
"ఎవరు నేర్పారు?"
చేత్తో గోడంతా చూపించింది.
సుద్దవాళ్లు వచ్చినప్పుడల్లా
వెనకే పక్కింటికి పోయేదట, ఆ పక్కింటికీ.
చివర ఉన్నది ఒక్కొక్కటే పెరుగుతోందట.
తొమ్మిది దగ్గర ఏమౌతుందో చూడ్డానికి
ఒకసారి చీకటిపడేదాకా
దోమతెరలవాళ్ల వెంట నడిచిందట.
ఆ రాత్రి దెబ్బలు తింది. అదీ నవ్వుతూనే చెప్పింది.

అక్షరాస్యత: అవును, కాదు.
బడి: ఎప్పుడైనా, ఎప్పుడూ లేదు.
చివరికి తొమ్మిదో గడి, ఇతరములు, వివరింపుము.
మొదలుపెట్టాను:
"ఈ పిల్ల మమ్మల్ని చూసి నేర్చు"
గడి నిండిపోయింది.

సాయంత్రం సిగ్నలు దొరికిన గుట్ట మీద
సూపర్‌వైజర్ తెంగన్ మెసేజ్:
తొమ్మిదులు ఎక్కువొస్తున్నాయి. తగ్గించు.

పక్కింటికి నేను వెళ్లేసరికే
గోడ మీద 418 ఉంది,
ఆ పైదాని మీద 419.
సుద్ద తిరిగి అడగలేదు.
మిగతా ఊరికి
ఎవరి పొయ్యిలోదో బొగ్గుముక్క వాడాను.