తెల్లవారు

సంగడిగుంట కారం మరలో
రాత్రి పదింటికి బెల్టు తెగింది.
ముప్పై బస్తాల మిరపకాయ అలాగే ఉంది,
అందరం తుమ్ముతూ నిలబడ్డాం.

జకరయ్య వచ్చాడు,
చంకసంచిలో పిడికెడు తోలు వారు.
తెల్లగా, అన్నం గంజిలా.
తుమ్మచెక్క నీళ్ళు తాగలేదట ఇది;
పటిక, ఉప్పు, కాసింత గోధుమపిండి,
ఆపైన వాళ్ళావిడ మడమలు, పదిరోజులు.
"అందుకే సాగుద్ది. తెగదు."

"తెల్లవారంటే దొరలు కదా తాతా?"
హమాలీ పిల్లోడు కిసుక్కుమన్నాడు.
"ఆళ్ళు ఎల్లిపోయార్రా. ఇది ఉంది,"
ఆరెతో బెజ్జం పొడుస్తూ ఆయన.
"నీళ్ళు మాత్రం తగలనీకండి.
పటిక కడుక్కుపోతే మళ్ళీ పచ్చితోలే."

రెండంచులూ దగ్గరికి లాగి
పంటితో బిగించాడు.
మోటారు మూలిగి, అందుకుంది.

ఓనరు డబ్బులు తూకంరాయి మీద పెట్టాడు,
చేతికివ్వలేదు.
జకరయ్య రాయివంకే చూసి తీసుకున్నాడు,
లెక్కపెట్టుకున్నాడు, రెండుసార్లు.

ఆఖరి బస్తా దిగేసరికి
కిటికీలో వెలుతురు.
బెల్టు ఆపి చూశాను:
తెల్లవారు ఎర్రబడింది,
ఒక్క ముడీ వదల్లేదు.