ఊరికే

నలభై ఒక్క రోజులు తప్పలేదు.
వానలోనూ తప్పలేదు,
అగర చెరువు కట్ట మీద బురద
మడమలు పట్టుకుని లాగిన రోజూ తప్పలేదు.
చేతి గడియారం రోజూ ఓ ఆకుపచ్చ సున్న చుట్టి
భేష్ అనేది.
బడి వదిలాక నన్నలా అన్నవాళ్ళు లేరు.
నిజం చెప్పొద్దూ,
కొంత దానికోసమే పరిగెత్తాను.

నలభై రెండో రోజు మెట్లు దిగుతుంటే
ఎడమ కాలి ముందరి ఎముక
పేరు పెట్టి పిలిచింది.

ఫిజియో సుమంగళ
బొటనవేలితో ఎముక వెంబడి నొక్కుకుంటూ వచ్చి
ఒకచోట ఆగింది.
నేను బల్ల అంచు పట్టుకున్నాను.
"హత్తు దిన సుమ్నే ఇరి, మేడమ్."
పది రోజులా? నడవొచ్చా?
సుమ్నే.
ఈత? సైకిలు? మేడ మెట్లు?
సుమ్నే, సుమ్నే అంటూ
తువ్వాలు మడత పెట్టుకుంది.

ఆటోలో ఆ మాటకు తెలుగు వెదికాను.
ఊరికే, అనుకుంటా.
మా ఇంట్లో అది తిట్టు.
ఊరికే కూర్చున్నావేం,
ఊరికే ఎవరు పెడతారు,
ఊరికే వచ్చిందా ఈ ఒళ్ళు.

మొదటిరోజు ఐదింటికే మెలకువ.
దుప్పటి కింద కాళ్ళు వాటంతటవే కదిలాయి
కలలో దేన్నో తరిమే కుక్క కాళ్ళలా.
తలుపు పక్కన బూట్లు
నాలుకలు చాపి కూర్చున్నాయి.
కిటికీలోంచి చూస్తే మా గుంపు పోతోంది,
ముందు ఉత్తేజ్, వెనక కమలాక్షి.
మధ్యలో నా ఖాళీ ఉంటుందనుకున్నాను.
లేదు.
అది ఎముక కంటే ఎక్కువ గుచ్చింది.

రెండోరోజు గడియారం
గంటగంటకూ లేచి కదలమంది.
తీసి బియ్యం డబ్బాలో పెట్టాను.

రోజూ పరుగు చివర
నందిని పాకెట్లు రెండు నేనే తెచ్చేదాన్ని.
మూడోరోజు పాలబ్బాయి రాలేదు.
వంటింట్లో నిలబడి నీళ్ళు తాగాను.
సామెత గుర్తొచ్చి
ఒక్కదాన్నే నవ్వాను.

నాలుగు, ఐదు, ఏం చేశానో తెలీదు.

ఆరోరోజు కాలికి ఐసు సంచి కట్టుకుని కూర్చుంటే
పెన్న గుర్తొచ్చింది.
తాడిపత్రి దగ్గర, ఎండాకాలం,
ఇసకలో మోచేతి లోతు చెలమ తీసి
చిన్నత్త కొబ్బరిచిప్పతో తోడేది.
మూడు చిప్పలకే నీళ్ళు మట్టిరంగు తిరిగేవి.
నేనింకా ముంచబోతే
చెయ్యి పట్టుకునేది:
ఆగు, ఊరనీ.
అంచున కూర్చునేవాళ్ళం,
ఏం మాట్లాడుకునేవాళ్ళమో.
ఇసక పక్కల్లో చెమ్మ, చెమ్మలో తళుకు,
కాసేపటికి
మా ఇద్దరి ముఖాలు పట్టేన్ని నీళ్ళు.

ఊరికే. ఊరనీ.
రెంటికీ ఒకే వేరో కాదో పండితులు చూసుకుంటారు.
నా పిక్కకు మాత్రం
ఏదో అర్థమైనట్టే ఉంది.

పదకొండోరోజు బూట్లు వేసుకుని
కట్ట దాకా వెళ్ళాను.
పరిగెత్తొచ్చు. సుమంగళ సరేనంది.
బెంచీ మీద ఇంకాసేపు కూర్చున్నాను.
రాతి మీద ఓ నీటికాకి
తడి రెక్కలు బార్లా విప్పి
ఎండకు పట్టి నిలబడింది.
చెరువు నిండా చేపలు.
దానికేం తొందర కనిపించలేదు.

అన్నట్టు, గడియారం ఇంకా బియ్యంలోనే ఉంది.
అత్తెసరు పెట్టేముందు
చూసి తియ్యాలి.