పదకొండో మడత

రాత్రి రెండింటికి వచ్చిందట రేవులోకి,
బల్లపరుపు ఓడ మీద నిటారుగా నిలబడి,
పొయ్యి మీంచి దించిన గిన్నెలా మసిపట్టి.
క్రేన్ నడిపే కీగన్ దాన్ని పేరుతో పిలవడు.
"పద్నాలుగు" అంటాడు, అంతే,
ముసలి గుర్రం వయసు చెప్పినట్టు.

నేను చూడ్డానికి వెళ్ళలేదు.
నా షిఫ్టు ఆరింటికి.

నా పని గుడ్డ.
మనుషులు దిగివచ్చే గూటికి నాలుగు గొడుగులు.
విప్పితే చర్చి పైకప్పును దాటిపోయేది
ప్రెస్సు కింద నొక్కి నొక్కి
ఓక్ దుంగలా చేస్తాం.
వేలితో కొడితే చెక్కలాగే పలుకుతుంది.

మడతకో సంతకం.
వేసేది నేను, చూసేది నోయెమీ.
ఆమె చూడందే నా చెయ్యి ముందుకు కదలదు.
మూడేళ్ళుగా ఎదురెదురుగా నిలబడి
ఒకరి వేళ్ళు ఒకరం కంఠతా పట్టాం.
మా ఆయన వేళ్ళు నాకంత గుర్తులేవు.

సర్కారు రోజుల్లోనూ ఇదే పని.
ఆఖరి షటిల్ దిగిన వారానికి
చేతికో అట్టపెట్టె ఇచ్చారు, ఓ కేకు ముక్క.
కేకు మీద రాకెట్టు బొమ్మ.
ముక్కు నా వాటాకొచ్చింది.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు టైటస్‌విల్‌లో సోఫాలు కుట్టాను.
పడవ సీట్లు, పళ్ళ డాక్టరు కుర్చీ,
ఒకసారి శవపేటికలో పరిచే పట్టు.
పైన ఎవరు కూర్చుంటారో, ఎవరు పడుకుంటారో
కుట్టుకేం తెలుసు.

ఓ రోజు ఫోనులో కుర్ర గొంతు, ఏదో కంపెనీ:
"ఆర్డిత్ గారేనా? మీ పాత రికార్డులు దొరికాయి.
చేతులు బాగున్నాయా?"
బాగాలేవు.
బాగున్నాయన్నాను.

మళ్ళీ వాడుకోదగ్గది. ఈ మాటంటే
ఇక్కడ అందరికీ ఎంత మురిపెమో,
టీషర్టుల మీద కూడా వేసుకున్నారు.
తిరిగొచ్చినదాన్ని కడుగుతారు,
పగుళ్ళ కోసం రంగునీళ్ళు పూసి
నీలిదీపం కింద వెతుకుతారు.
నన్నెవరూ ఆ దీపం కింద పెట్టలేదు.
చలి పొద్దుల్లో నా ఎడమ బొటనవేలు
తుప్పు గొళ్ళెంలా బిగుసుకుంటుంది.
కాఫీ కప్పు చుట్టూ వదులు చేసుకుని
అప్పుడు కారు తీస్తాను.

గుడ్డకు మాత్రం రెండో ప్రయాణం లేదు.
ఒక్కసారి సముద్రం తాకిందా, దాని రుణం తీరింది.

మార్చిలో ఓ రాత్రి నిద్ర పట్టలేదు.
పదకొండో మడత దగ్గర నోయెమీ తుమ్మింది.
తుమ్మాక చూసిందా?
చూడకుండానే సంతకం పెట్టిందా?
వెళ్ళబోయే నలుగురిలో ఒకావిడ
ఆ మధ్య మా గదికి వచ్చి చెయ్యి కలిపింది.
అరచెయ్యి మంచులా ఉంది.
అదొక్కటే తిరుగుతోంది తలలో.

పొద్దున్నే చెప్పేశాను.
నోయెమీ ముఖం పాలిపోయింది.
రోజు ఆలస్యమైతే ఎన్ని డాలర్లో
గోడ మీది కాయితమే చెబుతుంది.
మేనేజరు వచ్చాడు, బల్ల కేసి చూశాడు,
గడ్డం గోక్కున్నాడు.
"విప్పండి" అన్నాడు.

నాలుగు రోజులు విప్పాం.
పదకొండోది
స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంది.
శభాష్ అనలేదు ఎవరూ. చీవాట్లూ లేవు.
నోయెమీ రెండు రోజులు
నాతో అన్నం తినలేదు.

వాళ్ళు దిగిన రోజు క్యాంటీన్ టీవీ ముందు నిలబడ్డాం.
ఒకటి విచ్చుకుంది. రెండు. మూడు.
నాలుగోది ముడుచుకునే ఉంది,
గాలి దానికింకా నచ్చజెబుతున్నట్టు.
నోయెమీ నా మణికట్టు పట్టుకుంది.
గోళ్ళు దిగాయి.
విచ్చుకుంది.
మాదేనా అని ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.
ఎవరిదో ఇప్పటికీ తెలీదు.

ఉప్పు కడిగే తొట్టిలో తేలుతూ వచ్చింది గుడ్డ.
అంత గాలి తిన్నాక కూడా
బొటనవేలికి తగిలింది మడత జాడ.
ఏ మడతో అడగొద్దు.

ఇవాళ కొత్త గుడ్డ పరిచాం.
బయట కీగన్ ఎవరికో అరుస్తున్నాడు,
"పదిహేనుకి సిద్ధం!"
నోయెమీ కళ్ళద్దాలు తుడుచుకుంది.
"తుమ్మేదుంటే
ఇప్పుడే తుమ్మెయ్యి" అన్నాను.