తాళం లాగి చూసిన చెయ్యి

గుడిపాల రోడ్డులో మామిడిగుజ్జు ఫ్యాక్టరీ.
ఫిర్యాదు రాసే పని నాకు పడింది.
గేటు బయట తోతాపురి ట్రాక్టర్లు
మలుపు దాటి కూడా నిలబడి ఉన్నాయి.
పండు వాసనకి ఈగలు
సర్వర్ గదిలోకి కూడా వచ్చేశాయి.

"ఎవురో మన తలుపులన్నీ తట్టినారంట గదప్పా,"
అన్నాడు నాదముని నాయుడు.
"కేసు పెట్టాల్సిందే. బాగా గట్టిగా రాయి."

తట్టింది నిజమే.
మంగళవారం రాత్రి రెండూ పదికి మొదలుపెట్టి
ఒకటో పోర్టు, రెండో పోర్టు, మూడోది...
అరవై అయిదు వేల చిల్లర తలుపులు,
ఒక్కటీ వదలకుండా
ఉన్నారా, ఉన్నారా అని.
జవాబు విని పక్క తలుపుకి పోవడమే.
లోపల అడుగు జాడ లేదు.
లాగ్ మూడుసార్లు చదివాను.

మా నాయన కుప్పుస్వామి
బజారు వీధిలో రాత్రి కాపలా.
బెల్లం మండీ, మందుల షాపు, నగల అంగడి,
ప్రతి తాళాన్నీ ఒకసారి కిందికి లాగి వదిలేవాడు.
కటక్.
మిద్దె మీద పడుకున్న షావుకారు
ఆ చప్పుడు విని పక్కకి ఒత్తిగిలేవాడు.
అంగడికి నెలకి అయిదు రూపాయలు.

కొత్తగా వచ్చిన పాత్రల సేటుకి ఈ సంగతి తెలియదు.
తాళం కదలగానే దూకి
ఇత్తడి గరిటెతో కొట్టాడు. మూడు కుట్లు.
"ఆయప్ప తప్పేముందిరా," అన్నాడు నాయన,
"చీకట్లో చెయ్యికి మొగం ఉండదు."

ఇదొక్కటే చెప్పి ఊరుకుంటే అబద్ధమవుతుంది.
ఆ ఏడే నగల అంగడికి కన్నం పడింది.
ఆ దొంగా అంతకు ముందు మూడు రాత్రులు
తాళాలు లాగి చూసి పోయినాడంట.
అదే కటక్.
నాయన విన్నాడు కూడా,
పక్క వీధి కాపలా మనిషేలే అనుకున్నాడు.
ఆ తర్వాత చాలాకాలం
అన్నం ముందు కూర్చుని చెయ్యి చూసుకునేవాడు.

తట్టిన మనిషి పేరు రెడ్డిరాణి.
పాలిటెక్నిక్, రెండో సంవత్సరం.
పట్టుకోవాల్సిన పని లేకపోయింది,
తనే ఉత్తరం పంపింది, కింద ఫోన్ నంబరుతో సహా:
"సార్, మీ అయిదువందల రెండో తలుపు తెరిచే ఉంది.
నేను లోపలికి పోలేదు.
పోయుంటే, నిండిపోయిందని మీరు చెప్తున్న చలిగది
ఎంత నిండిందో తెలిసేది.
మా చిన్నాయన ట్రాక్టరు నాలుగు దినాలుగా మీ గేటు ముందరే ఉంది."

ఇది సాయమా, బెదిరింపా?
పొద్దున ఒకటనిపించింది, మధ్యాహ్నానికి ఇంకోటి.
నాయుడికి మాత్రం ఏ సందేహమూ లేదు.

ఆ తలుపు తెరిచింది నేను.
ఆదివారం ఇంట్లోనే పడుకుని
చలి ఎన్ని డిగ్రీలుందో చూసుకుందామని తెరిచాను.
వేసెయ్యాలనుకుంటూనే పదకొండు నెలలు.
తట్టినందుకు ఏ సెక్షనో వకీలు వెతుక్కుంటాడు.
తెరిచి మరిచిపోయినందుకు
ఏ సెక్షనని ఈ ఫ్యాక్టరీలో ఎవరూ అడగరు,
నేను నోరు తెరిస్తే తప్ప.

నిన్న రాత్రి గ్రీమ్స్‌పేటలో మా ఇంటి నుంచి
మొదలుపెట్టాను.
ఒకటి, రెండు, మూడు.
నాలుగువందలు దాటాక చెయ్యి వణికింది,
నాది కాని వీధిలో తిరుగుతున్నట్టు.
అయిదువందల రెండు దగ్గర ఆగి
ఒకసారి లాగాను.
మూసే ఉంది. సాయంత్రం వేసింది నేనే,
అయినా లాగి చూస్తే గానీ నమ్మకం కుదర్లేదు.

పొద్దున లాగ్ తీశాను.
ఆ పిల్ల నంబరుకి కాస్త కింద మా ఇంటి నంబరు.
రెండింటి పక్కనా ఒకటే మాట:
గుర్తు తెలియని వ్యక్తి.

బయట ఒక ట్రాక్టరు వెనక్కి తిరుగుతోంది,
కాయలు కారి రోడ్డంతా జిగురు.
"రాసినావా?" నాయుడు గుమ్మంలో నిలబడ్డాడు.

రాస్తా ఉండా సార్.
ఒక పేరు రాయాల్నా,
రెండు రాయాల్నా
అని.